ఎవరూ ఎదురురాని బస్టాపు

బోథ్‌కు పోయే దారి పెద్ద రోడ్డు నుంచి చీలేచోట ఒక బస్టాపు ఉంది. ఉన్నదని కట్టినవాళ్లు అనుకుంటారు. ఎక్స్‌ప్రెస్ బస్సు వంతెన మీదుగా పోయి, అవతల దిగినాక ఎక్కడో ఆగుతుంది. బోథ్ బస్సు వంతెన కింద ఆగుతుంది. ఈ రెంటికీ నడుమ, ఏ బస్సూ ఆగని చోట, ప్రయాణికుల కోసం రేకుల షెడ్డు వేశారు. పచ్చరంగు పూశారు. కూర్చోవడానికి నాపరాయి బల్ల వేశారు. అంతా బాగుంది. నీడ ఉన్నచోట బస్సు లేదు, బస్సు ఉన్నచోట నీడ లేదు.

ఈ సంగతి రాసి దరఖాస్తు ఇచ్చాను. ఒకసారి కాదు. చివరిసారి ఇచ్చినప్పుడు ఆఫీసులో సారు దాన్ని మొత్తం చదివి, కళ్లద్దాలు తీసి, "మీది జమ్మికుంట గదా, గా బస్టాపుతోని మీకేం పని?" అన్నాడు.

"మా చెల్లెను ఆ దిక్కు ఇచ్చినం సార్."

"ఇచ్చేటప్పుడు చూసుకోవద్దా మరి?"

పక్క కుర్చీలో గుమస్తా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వాడు. ఆ చెయ్యికి ఉన్న రాగి ఉంగరం కూడా నాకు గుర్తుంది. నాకు అన్నీ గుర్తుంటాయి. మా ఇంట్లోవాళ్లు దీన్ని రోగం అంటారు. నేను జ్ఞాపకం అంటాను.

అసలు ఆ బస్టాపుతో నా తగాదా షెడ్డు పడకముందే మొదలైంది. మా దిక్కు ఒక మర్యాద ఉంది. ఆడబిడ్డ ఇంట్లో శుభకార్యమైతే పుట్టింటివాళ్లు బట్టలు, ఒడిబియ్యం పట్టుకొని పోతారు. పోయి నేరుగా ఇంట్లో దూరరు. ఊరికి ఇవతల ఆగుతారు. ఇంటివాళ్లు డప్పులతో ఎదురొచ్చి, బొట్టు పెట్టి, షర్బత్ ఇచ్చి వెంటబెట్టుకొని పోతారు. ఇది ఎదురుకోలు. ఎదురు రానిదే అడుగు కదపకూడదు. కదిపితే చుట్టాలు కారు, బిచ్చానికి వచ్చినవాళ్లవుతారు.

మా చెల్లె మొదటి బిడ్డ తొట్టెల నాడు మేం ఆ క్రాస్ రోడ్డు దగ్గరే దిగాం. అప్పటికి వంతెన లేదు, ఒక తుమ్మచెట్టు ఉండేది. మా బాపు కొత్త ధోతి కట్టుకున్నాడు. నా చంకలో చాప చుట్టి కట్టిన బట్టలు. నన్నూ చెల్లెనూ కన్న మా అవ్వ చేతిలో వెండి మొలతాడు. వచ్చినామని కబురు పంపాం. తుమ్మచెట్టు నీడ తిరుగుతూ ఉంటే మేమూ దానివెంట తిరిగాం. ఎవరూ రాలేదు. ఆఖరుకు బాపు, "నడువుండ్రిరా, పిల్ల మనదే గదా," అన్నాడు. ఎడ్లబండి ఒకటి అటు పోతుంటే ఎక్కాం.

టెంటు ముందర చెల్లె అత్త నిలబడి ఉంది. మమ్మల్ని ఎగాదిగా చూసి, "తొవ్వ తెల్వదా కొడుకా? ఎదురు రానీకి మీరేమన్న కలెక్టర్లా?" అన్నది.

టెంటు కింద ఉన్నవాళ్లంతా నవ్వారు. వంటవాళ్లు నవ్వారు. మా బాపు కూడా నవ్వాడు. అది ఇంకా బాధ. ఆ తొట్టెలలో ఊగిన పిల్ల ఇప్పుడు డిగ్రీ చదువుతున్నది. నా చెవుల్లో ఆ మాట మాత్రం చిన్నది కాలేదు.

ఆ రోజే అనుకున్నాను. మళ్లీ శుభకార్యానికి వస్తే, ఆ ముసలమ్మ తానే ఎదురొచ్చిన నాడే ఈ క్రాస్ రోడ్డు దాటుతాను. మధ్యలో చెల్లెను చూడడానికి చాలాసార్లు పోయాను. అది వేరు. ఊరికే పోయేవాడికి ఎదురుకోలు ఉండదు, కాబట్టి లెక్కలోకి రాదు.

ఈసారి లెక్కలోకి వచ్చే కార్యమే పడింది. బావ ఏండ్లకేండ్లు దుబాయిలో ఉండి పంపించిన దానితో కొత్త ఇల్లు కట్టారు, గృహప్రవేశం పెట్టుకున్నారు. బావ సెలవు మీద వచ్చాడు. చెల్లె తానే జమ్మికుంటకు వచ్చి మా ఆవిడకూ నాకూ బొట్టు పెట్టి పిలిచింది. చాయ్ తాగుతూ ఉన్నట్టుండి గ్లాసు కింద పెట్టేసింది.

"అన్నా, మా తోటికోడలు ఇల్లు వట్టిన నాడు ఆమె అన్నలు ముగ్గురు వచ్చిండ్రు. ఒడి నింపి పోయిండ్రు. నాకున్నది నువ్వొక్కనివే. నువ్వొచ్చి నా ఒడిల బియ్యం పోసేదాక నేను మెతుకు ముట్ట. మా అత్తకు గూడ చెప్పిన. నువ్వు మళ్ల మీద మాట, కింద మాట పెట్టుకోకు."

"నేనెందుకు పెట్టుకుంట?" అన్నాను.

మా ఆవిడ పొయ్యి దగ్గర నుంచి దగ్గింది.

మా అవ్వకు మోకాళ్లు లేవవు, ప్రయాణం చేయలేదు. కానీ బియ్యం కలపడం ఎవరికీ ఇవ్వలేదు. చాటలో బియ్యం పోసి, పసుపూ కొంచెం నూనే వేసి, ప్రతి గింజకూ రంగు అంటేదాక కలిపింది. ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు, పసుపుకొమ్ములు, రవికగుడ్డ పెట్టింది. కొత్త తెల్లబట్టలో మూట కట్టి నా చేతుల్లో పెట్టింది.

"నేలకు ఆననియ్యకు కొడుకా. ఇక్కడ లేస్తే దాని ఒడిలనే దిగాలె."

ఇది చెప్పడం సులువు. మోసి చూడాలి. జమ్మికుంటలో బస్సెక్కింది మొదలు మూట నా ఒడిలోనే. కరీంనగర్ బస్టాండులో కూర్చోవడానికి చోటు దొరికింది, ఆ మాట ఒప్పుకుంటాను. కూర్చోగానే మా బస్సు అవతలి ప్లాట్‌ఫారం మీదికి వస్తుందని మైకులో చెప్పారు. ఆ మాట కూడా చెప్పాలి కదా.

ఆదిలాబాద్ ఎక్స్‌ప్రెస్‌లో కండక్టరు నా ముందు నిలబడ్డాడు.

"పెద్దాయనా, మూట కింద పెట్టు. మంది నడవాలె."

పెద్దాయన అట. వాడి జుట్టు నాకంటే తెల్లగా ఉంది.

"కింద పెట్టేది కాదు."

"పైన పెట్టు మరి."

"పైన పెట్టేది గూడ కాదు."

"ఏముంది దాంట్ల, చంటిపిల్లనా?"

"ఒడిబియ్యం. మా చెల్లెకు."

అతని మొహం మారిపోయింది. "గది ముందుగాల చెప్పొద్దా? జరుగుండ్రమ్మా, జర జరుగుండ్రి, ఆయన మూటకు తాకకుండ్రి!" అని బస్సంతా కేకలేశాడు. మంచివాడే అనుకున్నాను. ఆ మంచితనం చూసి, వంతెన కింద ఆపమని అడిగాను. "కిందికి దిగితే నా నౌకరి దిగుతది," అన్నాడు. వంతెన అవతల, నీడ గడ్డిపోచంత కూడా లేనిచోట దింపి, "చెల్లెకు చెప్పుండ్రి, కండక్టరన్న అడిగిండని," అని రైట్ కొట్టాడు.

వెనక్కి నడిచాం. మూట నా భుజం మీద, బట్టల సంచి మా ఆవిడ చేతిలో. ఎడమ పక్క పత్తిచేలు తెల్లగా విచ్చుకొని ఉన్నాయి. షెడ్డు ఇంకా దూరం ఉండగానే వంతెన కింద బోథ్ బస్సు వచ్చి, ఆగి, వెళ్లిపోవడం మా కళ్లారా చూశాం.

"సూడు, సూడు," అన్నాను మా ఆవిడతో. "ఇదే నేను రాసింది."

"నువ్వు రాసినవ్ గదా, దానికే పోయింది," అన్నది.

షెడ్డులో ఆడవాళ్లు కూర్చొని ఉన్నారు. బోథ్ అంగడికి పోయేవాళ్లు, ఇందాకటి బస్సు నిండిపోయి చోటు దొరకనివాళ్లు. బస్సు ఆగని షెడ్డులో ఎందుకు కూర్చున్నారని అడిగితే వాళ్ల పద్ధతి చెప్పారు. ఒకామె వంతెన కింద నిలబడుతుంది. బస్సు మలుపులో కనపడగానే ఎర్ర తువ్వాల ఊపుతుంది. షెడ్డులో ఉన్నవాళ్లు ఉరుకుతారు. కాసేపటికోసారి మనిషి మారుతుంది. ఇంత బుద్ధి ఆ షెడ్డు గీసినవాడికి ఉంటే నా కాగితం ఖర్చు మిగిలేది.

పెద్ద కుంకుమబొట్టుతో ఉన్న ఒకావిడ నన్ను చూసి జరిగింది. ఆమె మాటలో సగం మరాఠీ వాసన ఉంది.

"కూసో దాదా. గా మూటెందుకు మోస్తున్నవ్? బల్ల మీద పెట్టు."

"బల్ల నేల మీదనే గదా ఉన్నది," అన్నాను. సంగతి చెప్పాను.

"అరె, ఒడిబియ్యమా! ఇటియ్యి మరి. చేతులు గుంజుతలేవా?" అని చీర చెంగు సర్దుకొని మూటను తన ఒడిలోకి తీసుకుంది. నా భుజం మొదటిసారి ఊపిరి పీల్చుకుంది.

అప్పుడే బావ ఫోన్. "బావా, దిగిండ్రా? ట్రాలీ ఆటో పంపుతున్న, ఎక్కి వచ్చెయ్యుండ్రి."

"ఆటో వద్దు."

"బస్సుకు వస్తరా?"

"బస్సు గూడ వద్దు. మీ అవ్వను రమ్మను."

బావ మెల్లగా, "బావా, నువ్వు గది ఇంకా మర్వలేదా?" అన్నాడు.

"ఏది?" అన్నాను. మర్చిపోయినవాడిని అనిపించుకోవడం నాకు ఇష్టం లేదు, గుర్తున్నదని నా నోటితో చెప్పడమూ ఇష్టం లేదు.

మా ఆవిడ నుదురు కొట్టుకుంది. బెంచీ మీదివాళ్లకు మాత్రం పండుగైంది. కథంతా చెప్పమన్నారు. తుమ్మచెట్టు నుంచి కలెక్టరు దాకా చెప్పాను. కుంకుమబొట్టు ఆవిడ తొడ మీద చరుచుకుంది.

"గట్లనే ఉండాలె దాదా! ఎదురు రానిదే ఎట్ల పోతవ్? మేమైతే మా అన్నను పోనియ్యం."

"మీకు దండం పెడుత," అన్నది మా ఆవిడ. "ఆయనకు బలమియ్యకుండ్రి. ఇప్పటికే ఎక్కువైంది."

తువ్వాల దగ్గర మనిషి మారినప్పుడల్లా మూట కూడా ఒడి మారింది. వంతెన కింది నుంచి వచ్చినామె, "నాకియ్యుండ్రి, నేను పట్టలే," అని అడిగి మరీ తీసుకుంది. నీడ బాగుంది, గాలి బాగుంది, వినేవాళ్లు బాగున్నారు. ఆ బస్టాపులో నాకు అంత సుఖం అంతకు ముందెన్నడూ లేదు.

ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి చెల్లె.

గొంతు తగ్గించి మాట్లాడుతున్నది. వెనకాల గిన్నెల చప్పుడు, ఎవరో వడ్డించమని అరుస్తున్నారు.

"అన్నా, పాలు పొంగిచ్చిన సంది నీళ్లు తప్ప తాగలే. అందరు బువ్వకు బంతిల కూసున్నరు. మా తోటికోడలు రెండుసార్లొచ్చి నా మొఖం చూసి పోయింది. కండ్లు తిరుగుతున్నయి. నీ పంతం నా కడుపు మీదనా అన్నా?"

బెంచీ మీద నవ్వులు ఆగిపోయాయి. ఆ ముసలమ్మ మీద నాకున్న కోపం ఒక్క ఇసుకరవ్వంత తగ్గలేదు, ఆ మాట నిజంగా చెబుతున్నాను. కానీ కోపం నాది, ఆకలి చెల్లెది. వాళ్ల ఆటో వద్దని నేనే అన్నాను కాబట్టి, మిగిలింది బస్సు.

"వస్తున్న బిడ్డా," అన్నాను. "ఇగో, బస్సు రానీ, వస్తున్న."

నోటి నుంచి మాట వచ్చిందో లేదో వంతెన కింద ఎర్ర తువ్వాల ఎగిరింది. అందరూ లేచారు. మూట అప్పుడు కుంకుమబొట్టు ఆవిడ దగ్గరే ఉంది. దాన్ని చంటిపిల్లలా రొమ్ముకు అదుముకొని అందరికంటే ముందు ఆమే ఉరికింది. నేను వెనక. మా ఆవిడ నా వెనక. నా చెప్పు ఒకటి పత్తిచేను పక్కన ఊడిపోయింది, వెతకడానికి వంగాను, దొరకలేదు. అదే తప్పైంది. ఆడవాళ్లు బస్సెక్కారు. డ్రైవరు మా కోసం ఆగలేదు, కదిలించాడు.

మూట బస్సులో పోతున్నది. నేను రోడ్డు మీద ఒక కాలికి చెప్పుతో నిలబడ్డాను.

బస్సు కొద్ది దూరం పోయి, ఆగింది. లోపల పెద్ద లొల్లి. ముందు మూట పట్టుకున్న ఆవిడ దిగింది. తరువాత మిగతావాళ్లు, ఒక్కొక్కరే, అంగడి సంచులతో దిగారు. బస్సు వాళ్లను తిట్టుకుంటూ వెళ్లిపోయింది.

"మీరెందుకు దిగిండ్రు?" అన్నాను.

"ఆడబిడ్డ ఒడిబియ్యం గుంజుకొని అంగడికి పోతమా?" అన్నది ఆవిడ రొప్పుతూ. "కండక్టరు ఏమన్నడో తెల్సా? మూటనే గదా, కిటికీల నుంచి ఇసిరెయ్యి అన్నడు. వాని అవ్వ ఒడి నింపలేదేమో ఎవ్వలు."

మళ్లీ అందరం షెడ్డుకు వచ్చి, ఇంకో బస్సు కోసం కొంతసేపు చూశాం, రాలేదు. ఇక ఆటో పంపమని బావకు నేనే ఫోన్ చేయాలి. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. నంబరు నొక్కాను. అంతలో డప్పు వినపడింది.

ముందు గాలికి ఎటు నుంచో తెలియలేదు. తరువాత బోథ్ రోడ్డు మీద ట్రాలీ ఆటో కనపడింది. వెనకాల ముగ్గురు డప్పులు కొడుతున్నారు. వాళ్ల ముందు, ఇనుపరాడ్డు ఒక చేత్తో, స్టీలు క్యాను ఒక చేత్తో పట్టుకొని, తల మీద కొంగు గాలికి ఎగురుతుంటే, చెల్లె అత్త నిలబడి ఉంది. పక్కన పట్టుచీరలో మా చెల్లె. మొహం వాడిపోయి ఉంది, పెదవుల మీద మాత్రం నవ్వు ఆగడం లేదు.

ఆటో షెడ్డు ముందు ఆగింది. నాకు తెలిసి ఆ షెడ్డు ముందు ఆగిన మొదటి బండి అదే.

"ఏడి, గా కలెక్టరు ఏడి?" అన్నది ముసలమ్మ దిగుతూనే.

నేను ముందుకు వచ్చాను. ఆమె కింది నుంచి పై దాకా చూసింది. నా కాలికి ఉన్న ఒక్క చెప్పును కూడా చూసింది.

"నీ కోసం రాలే నేను. ఈ పిల్ల తింటలేదు, పానం పోగొట్టుకునేటట్టున్నదని వచ్చిన. మీ మామను మటన్ గంజు కాడ కావలి పెట్టి వచ్చిన."

"ఎందుకొచ్చినా వచ్చినవ్ గదా అత్తమ్మా. నాకు గంతే గావాలె."

"గంత గావాలెనా? మరి నాకు గావద్దా?" ఆమె నడుము మీద చెయ్యి పెట్టుకుంది. "నా కొడుకు పెండ్లికి జమ్మికుంటల, మార్కెట్ యార్డు కాడ, మీరు మమ్ముల ఎదురుకున్నరు. యాదికున్నదా? షర్బత్ పోసిండ్రు. చక్కెర లేదు దాంట్ల! ఉత్త నిమ్మకాయ నీళ్లు. నా ఆడబిడ్డలు తాగి ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. నా ఇజ్జత్ పోయింది. తొట్టెల నాడు నేనెందుకు రాలేదో ఇప్పుడన్న సమజైందా?"

అంటే ఈమె కూడా. ఇన్నేండ్లు. నిమ్మకాయతో సహా. ఇంత జ్ఞాపకం ఉన్న మనిషి మా చుట్టాల్లో ఉన్నదని నాకెవరూ చెప్పలేదు.

"చక్కెర సరిపోనే ఏసినం," అన్నాను.

"నువ్వు తాగినవా?"

"లే."

"నేను తాగిన."

డప్పులవాళ్లు డప్పు ఆపి వింటున్నారు. బెంచీ మీదివాళ్లు ఆమె వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూస్తున్నారు. మా చెల్లె, "అత్తా, నాకు కండ్లు తిరుగుతున్నయి," అన్నది.

"మూటేది?" అన్నది ముసలమ్మ వెంటనే. కుంకుమబొట్టు ఆవిడ ఒడిలో చూసింది. "నేలకు ఆనలేదు గదా?"

"ఏం మాట అవ్వా! మా ఐదుగురి ఒళ్ల తిరిగింది, నేల ఎర్గది."

"ఐదుగురా?" ముసలమ్మ వేలు పెట్టి ఒక్కొక్కరినీ చూపిస్తూ లెక్క చూసుకుంది. "ఐదుగురు ముత్తైదువలేనా?"

"అందరికి మొగలున్నరు అవ్వా. ఉండి పరేషాన్ చేస్తున్నరు గూడ."

ముసలమ్మ మొహం అప్పుడు విప్పారింది. "ఇగ ఏం గావాలె? ఐదుగురు ముత్తైదువల ఒడి తిరిగొచ్చిన బియ్యం. నా పెద్దకోడలికి ముగ్గురన్నలు తెచ్చిన బియ్యం గూడ గిట్ల రాలే. పిల్లా, కూసో ఈడ్నే. మొదటి దోసెడు ఇక్కడ వడని, ఇంత తిను. మిగిలింది కొత్తింట్ల దేవుని ముంగట పోస్తరు."

చెల్లెను నాపరాయి బల్ల మీద తూర్పు మొహంగా కూర్చోబెట్టారు. అంగడికి పోయే ఆ ఆడవాళ్లే చుట్టూ నిలబడ్డారు. ముసలమ్మ మా ఇద్దరికీ బొట్టు పెట్టింది. నాకు పెట్టేటప్పుడు కొంచెం గట్టిగానే అదిమింది. డప్పులు మొదలయ్యాయి. చెల్లె కొంగు పట్టింది. మా ఆవిడ మూట విప్పింది. నేను దోసిట్లో బియ్యం తీసుకొని ఆ కొంగులో పోశాను. పసుపు బియ్యం పడుతుంటే మా అవ్వ చేతుల వాసన వచ్చింది.

చెల్లె ఆ బియ్యంలో నుంచి కుడుక ఒకటి తీసి పటుక్కున కొరికింది. బుగ్గ ఉబ్బింది. నములుతూ నన్ను చూసి ఏదో అనబోయింది, నోరు నిండి ఉంది, అనలేకపోయింది. తల మాత్రం ఊపింది. ఇంకో ముక్క కొరికింది. తరువాత ఖర్జూరం. మా ఆవిడ కండ్లు ఒత్తుకుంటూ, "మెల్లగ తిను పిల్లా, ఎవ్వలు గుంజుకోరు," అన్నది.

ముసలమ్మ క్యాను మూత తీసి గ్లాసులో షర్బత్ వంచి నా ముందర పెట్టింది. చెల్లె మింగేదాక ఆగి, అప్పుడు తీసుకున్నాను. ఒక గుక్క తాగాను. అది షర్బత్ కాదు, పాకం. కిలోల చక్కెర పోసినట్టుంది. పెదవులు ఒకదానికొకటి అంటుకున్నాయి. ముసలమ్మ రెప్ప వేయకుండా చూస్తున్నది. గ్లాసు దించకుండా అడుగు దాకా తాగాను.

"చక్కెర సరిపోయిందా కొడుకా?" అన్నది.

డప్పులు ఆగాయి. అందరూ నా నోటి వైపే చూస్తున్నారు. చెల్లె నమలడం ఆపింది.

"జర తక్కువైంది అత్తమ్మా," అన్నాను.

షెడ్డు రేకులు అదిరేటట్టు నవ్వారు. అందరికంటే ముందు నవ్వింది ఆమే. నవ్వుతూనే నా చేతిలో గ్లాసు గుంజుకొని, మళ్లీ నిండా వంచింది.